పిల్లల టీవీ కార్యక్రమాలను ఇంటి చదువుకు ఎలా ఉపయోగించుకోవాలి?

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి ఒక తల్లి):
మా ఏడేళ్ల పాపకు ఇంట్లోనే చదువు చెబుతున్నాము. సముద్ర జీవుల గురించి చెప్పే ఆక్టోనాట్స్ అంటే ఆమెకు ప్రాణం. కథ చివర వచ్చే ఆ జీవి విశేషాలను పొల్లుపోకుండా అప్పజెబుతుంది. అయితే సముద్రాన్ని ఎన్నడూ చూడని పిల్లకు ఆ మాటలు నోటికి రావడమే తప్ప మనసుకు పట్టడం లేదేమోనని నా సందేహం. ఆ ఇష్టం చెడకుండా సైన్సు, లెక్కలు, తెలుగు రాత వైపు ఎలా మళ్లించాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (నల్లగొండ, విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు):
అమ్మా, సముద్రం లేకపోతేనేమి, మన చేపల మార్కెట్టు ఉంది. పాపను వెంటబెట్టుకుని వెళ్లి కొర్రమట్టలను చూపించండి. మిగతా చేపలు ఐసు మీద పడి ఉంటే, ఇవి మాత్రం టబ్బులో కొద్దిపాటి నీళ్లలోనే బతికి ఉండి, మాటిమాటికీ మూతి పైకెత్తుతుంటాయి. కారణం ముందే చెప్పకండి, ఆమెనే అడగనివ్వండి. కొర్రమట్ట మొప్పలతో పాటు నేరుగా గాలిని కూడా పీల్చుకుంటుంది కాబట్టి, పైకి రానివ్వకపోతే నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చనిపోతుంది. మన రాష్ట్ర చేప కూడా అదే. ఇంటికి వచ్చాక టీవీలో చెప్పిన తీరులోనే కొర్రమట్ట విశేషాలను ఆమె సొంత మాటల్లో చెప్పించి, ఆ తర్వాతే రాయించండి.

జవాబు (దేవరకొండ నుంచి ఒక తండ్రి):
మా బాబుకు ఛోటా భీమ్ ఇష్టం. అందులోని లడ్డూలను చూసి అడిగితే ఇంట్లో నువ్వుల లడ్డూలు చేశాము. నువ్వులు, బెల్లం వాడితోనే తూయించి, ముద్దలు కట్టాక మళ్లీ తూయించాము. బరువు కాస్త తగ్గింది. ఆ తగ్గినది ఎక్కడికి పోయిందని వాడు రోలు, గిన్నె, చివరికి తన అరచేతులు కూడా వెతికాడు. వేయించినప్పుడు నువ్వుల్లోని తేమ ఆవిరైందన్న మాట అప్పుడు చెబితే వెంటనే అర్థమైంది. ఇంకొక మాట, పక్కన కూర్చుని మీరూ చూడండి. 1969లో అమెరికాలో మొదలైన పిల్లల టీవీ కార్యక్రమం సెసమీ స్ట్రీట్‌లో పెద్దలను కూడా నవ్వించే సన్నివేశాలు పెట్టింది, పిల్లలతో కలిసి వారూ చూడాలనే.

జవాబు (నల్లగొండ నుంచి ఒక తల్లి):
పై రెండూ మంచి సలహాలే, కానీ ప్రతి కథనూ పాఠం చేయవద్దని నా మనవి. కార్యక్రమం నడుస్తుండగా ప్రశ్నలు అసలే వేయకండి. పాప తానుగా పట్టుకున్న ఒక్క విషయం చాలు. చాలా కార్టూన్లలో నీడ ఎప్పుడూ కాళ్ల కిందే ఉంటుంది. దాన్ని ఆమె గమనిస్తే వాకిట్లో ఒక కర్ర పాతి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడను టేపుతో కొలిపించండి. ఆ తర్వాత వీలు చూసుకుని పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకురండి. గర్భగుడిలో లింగం వెనుక పడే నీడ పగలంతా కదలకుండా ఉండటం, కర్ర నీడను కొలిచిన పిల్లకు నిజమైన చిక్కుప్రశ్న అవుతుంది. స్తంభాల మధ్య నుంచి పలువైపులా వచ్చే వెలుతురే కారణమన్న వివరణను ఇంట్లో అట్టపెట్టె, పెన్సిళ్లు, రెండు టార్చిలైట్లతో ఆమే పరీక్షించి చూడవచ్చు.