విశ్వం ఎంత పెద్దదో పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న (దేవరకొండ నుంచి ఒక ఉపాధ్యాయురాలు):
అందరికీ నమస్కారం. సూర్యుడు మనకు దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని మా ఎనిమిదో తరగతి పిల్లలు అప్పజెప్పగలరు గానీ, ఆ దూరం వారి ఊహకు అందడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు (నల్లగొండ):
మేడమ్, పది లక్షల కిలోమీటర్లను ఒక్క మీటరుగా కుదించండి. మా గడియారం సెంటర్లో 1.4 మీటర్ల గోళాన్ని సూర్యుడిగా నిలిపితే, భూమి 150 మీటర్ల అవతల 1.3 సెంటీమీటర్ల గోళీ అవుతుంది. నెప్ట్యూన్ నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ మాత్రం 40,000 కిలోమీటర్ల దూరానికి, అంటే భూగోళాన్ని ఒకసారి చుట్టివచ్చినంత దూరానికి పోతుంది. పిల్లలను ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగనివ్వండి.

జవాబు (అచ్చంపేట):
లెక్కతో పాటు ఆకాశమూ చూపించాలి. నవంబరులో వెన్నెల లేని రాత్రి, దీపాల వెలుగు సోకని మా నల్లమల అంచున, ఆండ్రోమెడా గెలాక్సీ మామూలు కంటికే మసక మచ్చలా కనిపిస్తుంది. ఆ కాంతి బయలుదేరి సుమారు 25 లక్షల ఏళ్లయింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంత విశ్వంలో మనమెంత అని పిల్లలు దిగులుపడరా?

జవాబు (నల్లగొండ):
మన నెత్తురులోని ఇనుము, ఎముకల్లోని కాల్షియం ఎప్పుడో నశించిన నక్షత్రాలలో తయారైనవేనని కూడా అదే రోజు చెప్పండి మేడమ్.