పాముకాటు మందు ఎక్కించే ముందే అడ్రినలిన్ ఇవ్వాలా, రియాక్షన్ వచ్చాక ఇవ్వాలా?

పీహెచ్‌సీ డాక్టర్:
నాట్లు మొదలయ్యాయి, రక్తపింజర కేసులూ మొదలయ్యాయి. ఏటా ఈ రోజుల్లో మా స్టాఫ్‌లో ఇదే వాదన వస్తుంది కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. డాక్టర్లు కానివాళ్ల కోసం ముందు రెండు మాటలు. రోగి రాగానే 2 మి.లీ. రక్తం తీసి శుభ్రమైన పొడి గాజు ట్యూబులో పోస్తాం. 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూస్తాం. గడ్డకట్టకుండా నీళ్లలా జారిందంటే విషం పనిచేస్తున్నట్టే. ఇక ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్, ఎక్కించాల్సిందే. అది గుర్రాల రక్తం నుంచి తీసేది కావడంతో రియాక్షన్లు ఎక్కువ. దద్దుర్లు, వాంతులు, ఆయాసం, ఒక్కోసారి బీపీ పూర్తిగా పడిపోవడం.

ఏఎస్‌వీ మొదలుపెట్టే ముందే 0.25 మి.గ్రా. అడ్రినలిన్ (ఇలాంటి రియాక్షన్‌ని అదుపు చేసే మందు) చర్మం కింద ఇచ్చేయాలని నా వాదన. 1999లో శ్రీలంకలో 105 మందితో చేసిన ట్రయల్‌లో, ముందుగా అడ్రినలిన్ ఇచ్చినవాళ్లలో 11 శాతం మందికి రియాక్షన్ వస్తే, ఇవ్వనివాళ్లలో 43 శాతం మందికి వచ్చింది. 2011లో అక్కడే 1,007 మందితో ఇంకో పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. మొదటి గంటలో తీవ్రమైన రియాక్షన్లు 43 శాతం తగ్గాయి. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్, ప్రోమెథజైన్ అనే అలర్జీ మందు మాత్రం ఏమీ ఆపలేకపోయాయి. పైగా హైడ్రోకార్టిసోన్ కలిపి ఇస్తే అడ్రినలిన్ వల్ల వచ్చే లాభం కూడా పోయింది. మనమేమో ఇప్పటికీ ఎవిల్ (అలర్జీ మందు), ఎఫ్‌కార్లిన్ (హైడ్రోకార్టిసోనే) వేసి ‘కవర్ ఇచ్చాం’ అని కేస్ షీట్‌లో రాసుకుంటున్నాం. ఆ కవర్‌లో ఏముందో చెప్పండి.

ఐసీయూ మత్తు డాక్టర్:
ఆ ట్రయల్స్ నేనూ చదివాను సార్. అయినా అందరికీ ముందస్తుగా అంటే ఒప్పుకోలేను. మీ ట్యూబులో గడ్డకట్టని ఆ రక్తమే రోగి మెదడులోనూ తిరుగుతోంది. రక్తపింజర విషం గడ్డకట్టే ప్రక్రియలోని 5, 10 నంబర్ల ఫ్యాక్టర్లను ఒక్కసారిగా రెచ్చగొడుతుంది. దాంతో రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ అంతా ఖర్చయిపోతుంది. చిగుళ్ల నుంచి రక్తం, మూత్రంలో రక్తం, సూది గుచ్చిన చోటల్లా రక్తం. అలాంటి మనిషికి బీపీ ఒక్కసారిగా ఎగబాకితే తలలో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. విషం వల్లే అది జరిగినా, మీరు సూది వేశాక జరిగితే ఆ ఇంటివాళ్లకు ఏం చెప్తారు?

అంతకంటే పెద్ద భయం డోసు తప్పడం. అంపుల్‌లో 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉంటుంది. కంగారులో పావు వంతు బదులు మొత్తం లాగినా, చర్మం కింద బదులు ఐవీ లైన్‌లోకి, అంటే నేరుగా రక్తనాళంలోకి, తోసినా గుండె తట్టుకోలేదు. మా దగ్గర అడ్రినలిన్ సిరంజిలోకి తీసి, లేబుల్ అతికించి, మంచం పక్కన ట్రేలో పెట్టాకే ఏఎస్‌వీ మొదలవుతుంది. ఒక్క దద్దురు కనిపించినా, కొత్తగా దగ్గు వచ్చినా డ్రిప్ ఆపి తొడ కండరంలోకి 0.5 మి.గ్రా. ఇస్తాం. ఆపరేషన్ థియేటర్‌లో కూడా ఇదే పద్ధతి. మత్తులో ఉన్న రోగి దురద అని చెప్పలేడు, దద్దుర్లు గుడ్డల కింద కనపడవు, చాలాసార్లు బీపీ పడిపోవడమే మొదటి గుర్తు. అంత ప్రమాదం ఉన్నా అందరికీ ముందే అడ్రినలిన్ ఇవ్వం. చేతికి అందేలా పెట్టుకుంటాం.

ఖమ్మం రైతుబిడ్డ:
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మా బాబాయికి కరిచినప్పుడు ఒక ఆసుపత్రిలో చేతికి టెస్ట్ డోస్ వేసి, అరగంట చూసి, ‘ఏం కాలేదు, పడుతుంది’ అన్నాకే మందు పెట్టారు. పెట్టిన కాసేపటికే వణుకు, ఆయాసం. టెస్ట్ చేశాక కూడా ఎందుకొచ్చింది?

పీహెచ్‌సీ డాక్టర్:
ఆ టెస్ట్‌కి విలువ లేదండి. ఏఎస్‌వీకి టెస్ట్ డోస్ వేయొద్దని మన జాతీయ పాముకాటు ప్రోటోకాల్ 2009లోనే చెప్పింది. చర్మం మీద చేసే టెస్ట్, ఒంట్లో ముందే తయారై ఉన్న అలర్జీని పట్టుకోవడానికి. ఏఎస్‌వీ రియాక్షన్లు చాలావరకు ఆ దారిన రావు. జన్మలో ఒక్కసారీ ఆ మందు తీసుకోనివాళ్లకూ వస్తాయి. అరగంట చూసి ధైర్యం తెచ్చుకున్నారు కానీ, ఆ అరగంటా విషం తన పని తాను చేసుకుపోయింది. మీ బాబాయి ఇప్పుడు బాగున్నారని ఆశిస్తున్నాను.

నైట్ డ్యూటీ సిస్టర్:
ఇద్దరు డాక్టర్లూ చెప్పింది చదివాను. మత్తు డాక్టర్ గారూ, మీరు చెప్పిన ట్రే, లేబుల్, మానిటర్ అన్నీ నిజమే సార్. కానీ రాత్రి రెండింటికి మా దగ్గర ఎవరుంటారో చూడండి. నేనొక్కదాన్ని, ఒక ఆయమ్మ, డ్యూటీ డాక్టర్ పక్క రూమ్‌లో కాన్పు దగ్గర. ఏఎస్‌వీ మొదటి డోసే 8 నుంచి 10 వయల్స్ (చిన్న మందు సీసాలు). ఒక్కోటి పొడి. ఒక్కోదానిలో 10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోసి కలపాలి. ఊపితే నురగ వస్తుంది కాబట్టి చేతిలో పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ కరిగించాలి. అన్నీ కరిగి సెలైన్‌లో చేరేసరికి నా కళ్లు వయల్స్ మీదే ఉంటాయి. డ్రిప్ మొదలయ్యాక మొదటి గంట రోగి దగ్గర నుంచి కదలకూడదని తెలుసు. అదే గంటలో కాన్పు గదిలోంచి పిలుస్తారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. రియాక్షన్ వస్తుందేమోనన్న టెన్షన్‌తోనే చాలా చోట్ల ఒక్క వయల్ కూడా పెట్టకుండా రోగిని 108 ఎక్కించి జిల్లా ఆసుపత్రికి పంపేస్తున్నారు. దారిలో రెండు గంటలు. ఫ్రిజ్‌లో మందు ఉండి కూడా! రియాక్షన్‌ని నేను చూశాను, అడ్రినలిన్‌తో తేరుకోవడమూ చూశాను. మందు పడక కిడ్నీలు పోయి డయాలసిస్‌కి వెళ్లినవాళ్లనీ చూశాను. ముందే ఒక చిన్న డోసు ఇవ్వడం వల్ల మా డాక్టర్‌కి ఇక్కడే మొదలుపెట్టే ధైర్యం వస్తుందంటే, నేను ఆ పక్షమే.

ఐసీయూ మత్తు డాక్టర్:
సిస్టర్, రెఫరల్ గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా ఐసీయూకి వచ్చే వాళ్లలో నన్ను బాధపెట్టేది అదే. కొందరు ప్లాస్మా (గడ్డకట్టే ఫ్యాక్టర్లుండే రక్తద్రవం) ఎక్కించి పంపుతారు, ఏఎస్‌వీ పెట్టరు. రక్తంలో విషం ఉండగా ప్లాస్మా పోస్తే దాన్నీ విషమే తినేస్తుంది. ముందు ఏఎస్‌వీ పడాలి. పడ్డాక ఆరు గంటలకు మళ్లీ ట్యూబు టెస్ట్. గడ్డకట్టే ఫ్యాక్టర్లను కాలేయం తిరిగి తయారు చేయడానికి ఆ వ్యవధి కావాలి. గంటకే మళ్లీ చూసి, కట్టలేదని ఇంకో పది వయల్స్ పోయకండి. పోసిన ప్రతిసారీ కొత్త రియాక్షన్‌కి దారి తెరిచినట్టే.

మానిటర్ లేదు, రెండో మనిషి లేడు అన్న చోట ముందస్తు డోసుకి నేను అడ్డు చెప్పను. కానీ వయసు పైబడినవాళ్లు, గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లకు వద్దు. మానిటర్ ఉన్న చోట మాత్రం నా పద్ధతి మార్చుకోను.

పీహెచ్‌సీ డాక్టర్:
వాళ్లకు ఇవ్వమని నేనూ అనను. కానీ మానిటర్ ఉన్న చోట ఎందుకు వద్దో నాకింకా అర్థం కాలేదు సార్. మానిటర్ బీపీ పడిపోయిందని చెప్తుంది, పడిపోకుండా ఆపదు. 43 శాతం తగ్గుదల పీహెచ్‌సీ రోగికి ఎంత విలువైనదో ఐసీయూ రోగికీ అంతే.

నైట్ డ్యూటీ సిస్టర్:
ఆ 0.25 మి.లీ. కొలవడానికి ఇన్సులిన్ సిరంజి వాడొచ్చా? ఎర్ర మూత ఉన్న 40 యూనిట్ల సిరంజిలో పది యూనిట్ల గీత దాకా అయితే సరిపోతుందా?

ఐసీయూ మత్తు డాక్టర్:
సరిపోతుంది. సూది పొట్టిది కాబట్టి చర్మం కిందే ఆగుతుంది. నారింజ మూతది 100 యూనిట్ల సిరంజి, అందులో 25 గీత దాకా తీయాలి. రెండు రకాలూ ఒకే ట్రేలో పెట్టకండి సిస్టర్.