విజయవాడ గుణదల మేరీమాత తిరునాళ్లకు వరంగల్ నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారా?

హంటర్‌రోడ్_కోడలు: మా ఏడాదిన్నర పాపకు నిమోనియా వచ్చినప్పుడు మా అత్తమ్మ గుణదల మాతకు పాప తలనీలాలు ఇస్తానని మొక్కింది. ఫిబ్రవరి 9, 10, 11లో ఏ రోజు రద్దీ తక్కువ? చంటిదాన్ని ఎత్తుకొని కొండ ఎక్కగలమా? రూములు దొరుకుతాయా? మేము హిందువులం, అక్కడ ఎవరైనా ఏమన్నా అంటారా?

కాజీపేట_లోకో: రూముల సంగతి తెలియదు. రైలు గురించి అడగండి, చెప్తా. 2020లో మేడారం ఫిబ్రవరి 5 నుంచి 8, మర్నాడే గుణదల. మా నాయనకు సమ్మక్క తల్లి, మా అమ్మకు మరియ తల్లి. వనదేవతలకు బంగారం (అంటే బెల్లం) ఇచ్చి, కాళ్లకు ఆ దుమ్ముతోనే విజయవాడ రైలెక్కినం. జనరల్ బోగీలో పైనుంచి మా కొబ్బరికాయల సంచి జారి ఒక పెద్దాయన ఒళ్లో పడింది. డోర్నకల్ దాకా తిట్టిండు.

ఫాతిమానగర్_వాసి: అంత దూరం ఎందుకండీ? మన కాజీపేట ఫాతిమా మాత గుడి ఉంది కదా. ఇద్దరూ ఒకరే.

మాజీ_ఉపదేశి: మరియమ్మ ఒకరే, దర్శనాలు వేరు. 31 ఏళ్లు ఊరూరా జపం చెప్పించినవాణ్ణి, రాసుకోండి. ఫాతిమా అంటే పోర్చుగల్, 1917, గొర్రెలు కాసే ముగ్గురు పిల్లలు. గుణదలలో ఉన్నది లూర్దు మాత. ఫ్రాన్సులో 1858 ఫిబ్రవరి 11న కట్టెలేరుకోను పోయిన బెర్నదెత్‌కు గుహలో కనిపించింది, మొత్తం 18 సార్లు. 1924లో ఇటలీ నుంచి వచ్చిన ఆర్లాటి స్వామివారు గుణదల కొండలో ఆమె స్వరూపం నిలిపారు. తెల్లబట్టలు, నీలి నడికట్టు, పాదాల మీద పసుపు గులాబీలు చూస్తే చాలు, గుర్తుపట్టొచ్చు. తాను అమలోద్భవినని ఆమే చెప్పింది. అంటే పురుషుడి ప్రమేయం లేకుండా యేసును కన్న తల్లి అని.

మడికొండ_మేరీ: బాబాయ్, చివరిది తప్పు. అమలోద్భవి అంటే మరియమ్మ తన తల్లి అన్నమ్మ కడుపులో పడ్డప్పుడే జన్మపాపం అంటకపోవడం. యేసు పుట్టుక సంగతి వేరు.

మాజీ_ఉపదేశి: నువ్వు పుట్టకముందు నుంచి నేను ఇది చెప్తున్నానమ్మా.

మడికొండ_మేరీ: 31 ఏళ్లూ తప్పే చెప్పారన్నమాట. అమలోద్భవి పండుగ డిసెంబర్ 8, మరియమ్మ పుట్టినరోజు సెప్టెంబర్ 8. తొమ్మిది నెలలు. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. 1854లో తొమ్మిదో పయస్ పోపుగారు ప్రకటించిన సత్యం, నాలుగేళ్లకు లూర్దులో అదే మాట వినిపించింది.

మాజీ_ఉపదేశి: పెద్దలతో మాట్లాడే తీరు కాదిది.

హల్లెలూయా_హన్మకొండ: ఇదంతా సరే, గుండు కొట్టించుకోవడం, కొబ్బరికాయలు బైబిల్లో ఎక్కడున్నాయి? మన మెదక్ చర్చి కూడా ఆర్‌సీఎందే (రోమన్ కాథలిక్‌లదే), అక్కడ ఇవేమన్నా ఉన్నాయా?

కాజీపేట_లోకో: మెదక్ సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ప్రొటెస్టంట్‌లది) అన్నా! కరువులో జనానికి పని కల్పించి పోస్నెట్ దొర కట్టించింది. ప్రారంభమైంది కూడా 1924లోనే, క్రిస్మస్ రోజు. ఆర్‌సీఎం ఎక్కడి నుంచి వచ్చింది?

మడికొండ_మేరీ: గుండు సంగతి కావాలా? అపొస్తలుల కార్యములు 18:18 తీయండి. పౌలు మొక్కుబడి ఉండి కెంక్రేయలో తల వెంట్రుకలు తీయించుకున్నాడు. కొబ్బరికాయ మాత్రం లేదు, ఒప్పుకుంటా. పౌలు కోనసీమ దాకా రాలేదు మరి.

హల్లెలూయా_హన్మకొండ: పౌలు విగ్రహానికి ఇవ్వలేదు.

మడికొండ_మేరీ: మేమూ విగ్రహానికి ఇవ్వం. ఆరాధన దేవుడికే, మరియమ్మకు వందనం. ఈ తేడా మీకు ఎన్నిసార్లు చెప్పాలి?

హంటర్‌రోడ్_కోడలు: అండీ, చంటిపిల్ల... కొండ...

ఫాతిమానగర్_వాసి: ఎక్కొచ్చమ్మా, మెట్లున్నాయి. కొవ్వొత్తులు వెలిగించే చోట జాగ్రత్త. మైనం కారి నేలంతా సబ్బు రాసినట్టుంటుంది, మొక్కు ఉందని చెప్పుల్లేకుండా పోయి పాపతో సహా జారేను నేను. దాని కొత్త గౌను అంచుకు మైనం గడ్డకట్టింది, ఇస్త్రీ చేసినా ఆ మరక పోలేదు. ఇక హిందువులా అని ఎవరూ అడగరు. క్యూలో నా ముందున్నామె నుదుట కుంకుమతోనే ఉంది.

మాజీ_ఉపదేశి: మా విచారణ ఫాదర్‌ను, అంటే మా చర్చి ఫాదర్‌ను, అడిగాను. మేరీ చెప్పిందే కరెక్టట. కానీ నెమ్మదిగా చెప్పొచ్చు.

కాజీపేట_లోకో: 11న మాత్రం పోకండి, ఆ రోజే అసలు పండుగ. అవునుగానీ, ఆగస్టు 29న తమిళనాడులో వేలాంగణి మాత జెండా పండుగకు ఎవరన్నా వస్తారా? నాగపట్నం దాకా టికెట్లు ఇప్పుడే చూస్తున్నా. ఈసారి కొబ్బరికాయలు అక్కడే కొంటా.