వింగ్‌లెట్‌కి తెలుగు మాట: చిట్టిరెక్కా, కొసరెక్కా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. విమానాల మీద ఒక వ్యాసం తెలుగులోకి తెస్తూ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఇప్పటికి ఇలా రాశాను: "విమానయాన సంస్థలు ఇంధనాన్ని పొదుపు చేయడానికి ప్రయాణీకుల జెట్‌లను వింగ్‌లెట్‌లతో పునర్నిర్మిస్తున్నాయి." చదువుతుంటే తెలుగులా లేదు. వింగ్‌లెట్‌ని, అంటే విమానం రెక్క చివర పైకి లేచి కనిపించే చిన్న రెక్కని, చిట్టిరెక్క అనొచ్చా? రెట్రోఫిట్‌కి మంచి మాట ఏదైనా ఉందా?

జవాబు:
మీ వాక్యంలో అన్నిటికంటే ఇబ్బంది పెడుతున్నది వింగ్‌లెట్ కాదండీ, "పునర్నిర్మిస్తున్నాయి". పునర్నిర్మాణం అంటే కూలిపోయినదాన్నో పాడైనదాన్నో మళ్లీ కట్టడం. ఇక్కడ విమానం బాగానే ఉంది, రోజూ ఎగురుతోంది, దాని రెక్కల చివర ఒక కొత్త భాగం పెడుతున్నారు, అంతే. దానికి తెలుగులో "బిగించడం" అన్న మాట చక్కగా సరిపోతుంది. "పాత విమానాలకి కొత్తగా బిగిస్తున్నారు" అంటే రెట్రోఫిట్ మొత్తం వచ్చేసింది, "పాత", "కొత్తగా" అన్న రెండు మాటలే ఆ పని చేసేశాయి. ప్రతి ఇంగ్లీషు నామవాచకానికీ మనం ఒక నామవాచకం వెతుక్కోవాలని రూలేమీ లేదు, క్రియతో పని జరిగిపోతే అదే మేలు. ఎవరో "పునరమరిక" అంటారు, దయచేసి వద్దు.

"అతికించడం" కూడా వాడొద్దు. రెక్క చివర అదనంగా బలం పడితే ఆ వంపు భారమంతా రెక్క మొదట్లోకి వస్తుంది, అందుకని చాలా విమానాల్లో రెక్క లోపలి భాగాలను కూడా గట్టిపరచాల్సి వస్తుంది. అందుకే ఈ పని ఎక్కువగా విమానం పెద్ద తనిఖీకి షెడ్డులో ఆగినప్పుడే పెట్టుకుంటారు. అతికించడం అంటే పాఠకుడికి జిగురు పెట్టి అంటించినట్టు తోస్తుంది.

ఇక అసలు మాట. చిట్టిరెక్క వినడానికి ముద్దుగా ఉంది, కానీ "చిట్టి"లో ఉన్నదంతా ముద్దే. బోయింగ్ 737 మీద ఉండే వింగ్‌లెట్ దాదాపు 2.4 మీటర్ల ఎత్తు, పక్కన నిలబడితే మనిషికంటే ఎత్తుగా ఉంటుంది. దాని విషయంలో ముఖ్యమైనది పరిమాణం కాదు, అది ఎక్కడుందీ, ఏం చేస్తుందీ అన్నవే. నా ఓటు "కొసరెక్క"కి.

ఎందుకో చెప్పాలంటే కొంచెం గాలి సంగతి చెప్పాలి. విమానం ఎగిరేటప్పుడు రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. ఆ తేడా వల్లే విమానం పైకి లేస్తుంది. అయితే రెక్క అయిపోయిన చోట కింది గాలి పక్కనుంచి పైకి ఎగబాకి సుడి తిరుగుతుంది, ఆ సుడి వల్ల విమానం మీద వెనక్కి ఈడ్పు పడుతుంది, ఇంజన్లు దాన్ని ఎదుర్కోవడానికి అదనంగా ఇంధనం తాగుతాయి. రెక్క చివర నిలువు పలక పెడితే ఈడ్పు తగ్గుతుందని బ్రిటన్‌లో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1897లోనే పేటెంట్ తీసుకున్నాడు. కానీ ఒట్టి పలక పెడితే ఆ పలకకి రాసుకునే గాలి వల్ల ఇంకో ఈడ్పు పుట్టి, వచ్చిన లాభం పోయేది.

1970లలో నాసా లాంగ్లీ కేంద్రంలో రిచర్డ్ విట్‌కూంబ్ అనే ఇంజనీరు చేసిన పని ఇక్కడే వేరుగా నిలుస్తుంది. ఆయన దాన్ని పలకలా కాకుండా నిజమైన రెక్కలా, రెక్కకుండే ఒంపుతో, కోణం లెక్కచూసి గీశాడు. అప్పుడది సుడిని ఆపే గోడగా కాక, పక్కనుంచి వచ్చే గాలిని తెరచాప పట్టుకున్నట్టు పట్టుకుని ఆ బలంలో కొంత ముందుకి మళ్లిస్తుంది. 1979, 1980లలో కేసీ-135 అనే సైనిక విమానానికి బిగించి ఎగరేసి చూస్తే ఇంధనంలో 6 నుంచి 7 శాతం దాకా లాభం కనిపించింది. అంటే ఈ వస్తువు కథలో పలక ఓడిపోయి రెక్క గెలిచింది. కాబట్టి తెలుగు మాటలో "రెక్క" ఉండి తీరాలి. గాలిఅడ్డు, సుడికట్ట లాంటి మాటలు ఎంత అందంగా ఉన్నా తప్పు అర్థం ఇస్తాయి.

ఇంకొకరు:
కొసరెక్క బాగుంది గానీ, "రెక్క కొస"తో కలగాపులగం అయిపోదూ? గబగబా చదివేవాళ్లకి రెండూ ఒకటే అనిపిస్తాయి. దానికంటే "పిల్లరెక్క" నయం కదా, పిల్లకాలువ, పిల్లవేరు ఉన్నాయి మనకి. పెద్దదాన్నుంచి చీలి వచ్చిన చిన్నది అనే అర్థం అందులో ఉంది.

జవాబు:
పిల్లకాలువ పోలిక చాలా బాగుందండీ. కానీ కాలువకి, వేరుకి పిల్లలుండవు కాబట్టి అక్కడ అర్థం తేటగా ఉంటుంది. రెక్క దగ్గరికొచ్చేసరికి పిల్లరెక్క అంటే పక్షిపిల్ల రెక్క అని వినపడుతుంది.

కలగాపులగం గురించి: పూలతోట వేరు, తోటపూలు వేరు, మనవాళ్లెవరూ ఎప్పుడూ తికమక పడలేదు. పైగా ఇక్కడ ఆ తేడా మనకి నిజంగా కావాలి. బోయింగ్ 787కి వింగ్‌లెట్ లేదు. దాని రెక్కే చివరికొచ్చేసరికి సన్నబడి వెనక్కి వాలుతుంది. 777-300ఈఆర్ కూడా అంతే. వాటి గురించి రాసేటప్పుడు "వెనక్కి వాలిన రెక్క కొస" అంటాం, 737 గురించి "కొసరెక్క" అంటాం. అవే రెండు మాటలు అటూ ఇటూ మారితే రెండు వేరు వేరు వస్తువులు తేటగా విడిపోయాయి. ఇంతకంటే ఏం కావాలి?

రెండూ చేసేది సుడి ఈడ్పుని తగ్గించడమే. మరి అందరూ రెక్కనే పొడుగు చేయొచ్చు కదా అంటే, విమానాశ్రయంలో నిలపడానికి చోటు చాలదు. 737, ఏ320 తరగతి విమానాలు ఆగే చోట్లకి రెక్కల వెడల్పు 36 మీటర్ల లోపే ఉండాలి. 737-800 మామూలుగా 34.3 మీటర్లు, కొసరెక్కలు బిగించాక 35.8. ఎయిర్‌బస్ ఏ320 కూడా 34.1 నుంచి 35.8కి చేరింది. పక్కకి పోయే దారి మూసుకుపోయింది కాబట్టి పైకి లేచింది.

అడిగినవారు:
చాలా సంతోషం. షార్క్‌లెట్, స్ప్లిట్ సిమిటార్ కూడా వ్యాసంలో ఉన్నాయి. షార్క్‌లెట్‌ని "సొరవాజం" అందామా?

జవాబు:
వద్దండీ. షార్క్‌లెట్ అనేది ఎయిర్‌బస్ తన కొసరెక్కలకి పెట్టుకున్న పేరు, ఏ320 మీద 2012 నుంచి వస్తున్నాయి, తర్వాత పాతవాటికి బిగించడం కూడా మొదలుపెట్టారు. పేర్లని తెలుగు చేయకూడదు, అలాగే ఉంచి మొదటిసారి వచ్చినప్పుడు పక్కన ఒక మాటతో వివరిస్తే చాలు. స్ప్లిట్ సిమిటార్‌కి "ఒక పాయ పైకి, ఒక పాయ కిందికి ఉండే కొసరెక్క" అని రాయండి. 2014లో అమెరికా విమాన సంస్థ యునైటెడ్ వీటిని మొదటగా వాడింది. అప్పటికే కొసరెక్కలున్న 737లకే కింది పాయ చేర్చి, ఇంకో 2 శాతం దాకా ఇంధనం మిగుల్చుకోవాలని చూశారు.

"పొదుపు చేయడానికి" దగ్గర కూడా ఒక మాట. పొదుపు మనిషి గుణం, చూసుకుని ఖర్చుపెట్టడం. ఇక్కడ ఇంధనం ఆదా అవుతోంది, లేదా కలిసొస్తోంది. ఆ కలిసొచ్చేది కూడా దూర ప్రయాణాల్లోనే ఎక్కువని వ్యాసంలో చెప్పండి. పైన ఎక్కువసేపు ఎగిరితేనే ఈ బరువు మోసినందుకు ఫలితం దక్కుతుంది. జపాన్‌లో దగ్గరి ఊళ్ల మధ్య తిప్పడానికి చేసిన 747-400డీకి కొసరెక్కలే పెట్టలేదు, మామూలు 747-400కి ఉన్నా సరే. అలాగే "ప్రయాణీకులు" కాదు, "ప్రయాణికులు". అయినా ఈ వాక్యంలో ఆ మాట అవసరం ఉందంటారా?

నేనైతే ఇలా రాస్తాను: "ఇంధనం కలిసొస్తుందని విమాన సంస్థలు తమ పాత జెట్ విమానాలకి కొసరెక్కలు బిగిస్తున్నాయి."

ఇంకొకరు:
వాక్యం హాయిగా ఉంది. బ్లెండెడ్ వింగ్‌లెట్ అని ఉంటే "మడత కొసరెక్క" అనుకున్నాను నేను, సరేనా?

జవాబు:
దానికి "వంపు" బాగుంటుంది. 747-400 మీద కొసరెక్క రెక్కకి ఒక కోణంలో విరిచి నిలబెట్టినట్టు ఉంటుంది. బ్లెండెడ్‌లో ఆ విరుపు ఉండదు, రెక్కే మెల్లగా వంపు తిరిగి పైకి పోతుంది, దాంతో మూల దగ్గర గాలి చెదరడం తగ్గుతుంది. 737, 757, 767 విమానాలకి తర్వాత బిగించినవి ఎక్కువగా ఇవే. "మడత" మాత్రం బోయింగ్ 777ఎక్స్ కోసం దాచండి. దాని రెక్కలు గాల్లో దాదాపు 72 మీటర్లు, నేల మీదికి వచ్చాక చివర్లు నిజంగానే మడుచుకుని 65 మీటర్ల లోపుకి వస్తాయి.