పాత రైసుమిల్లులో లాఫ్ట్ ఫ్లాట్: కొనవచ్చా?

తూర్పుగాలి: నమస్కారమండి. కాకినాడ జగన్నాథపురంలో, వంతెన దాటాక కాలవ వైపు, మూతపడ్డ ఉప్పుడు బియ్యం మిల్లు ఒకటి ఉండేది. ఆ స్థలంలో ఇప్పుడు లాఫ్ట్ ఫ్లాట్లు కట్టారు. పొగగొట్టం, ముందువైపు ఇటుక గోడ అలాగే ఉంచి వెనకాల అయిదంతస్తులు లేపారు. హాలు పద్నాలుగు అడుగుల ఎత్తు. లోపలే ఇనుప మెట్లు, ఎక్కితే వంటగది మీద ఇంకో గది. 1,450 చదరపు అడుగులు, 72 లక్షలు చెబుతున్నారు. నేను ఇంటి నుంచే పని చేసే బాపతు. నాకు తెగ నచ్చింది. మా ఆవిడ మాత్రం ‘అటక మీద కాపురమేంటి’ అంటోంది. మీరేమంటారు?

కొబ్బరాకు: మీ ఆవిడ మాట వినండి.

బస్తా75: ఆ 1,450లో అటక ఎంత?

తూర్పుగాలి: అటక కాదండి, మెజ్జనైన్, అంటే మధ్యంతస్తు. 260.

ఉప్పుటేరు: అక్కడికి కూతవేటు దూరంలోనే ఉంటాను. సముద్రపు గాలికి మా కిటికీ చువ్వలు మూడేళ్ళకే పొరలు పొరలుగా లేచిపోతాయి. అందం కోసం ఇనుప దూలాలు బయటికి వదిలేశారుగా, ప్రతి రెండేళ్ళకీ గీకించి రెడ్ ఆక్సైడ్ కొట్టించాలి. ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో వేశారా అని అడగండి. ఏసీ సంగతి సరేసరి. మే నెలలో చల్లగాలి కిందే ఉంటుంది, వేడి మీ పైగదిలో కూర్చుంటుంది.

పూతరేకు_న్యూజెర్సీ: లాఫ్ట్ అంటే ఏమిటో తెలియక అటక అంటున్నారు. న్యూయార్క్ సోహోలో 1960లలో పాత ఫ్యాక్టరీలు, గోదాములు ఖాళీ అవుతుంటే చిత్రకారులు తక్కువ అద్దెకు వాటిల్లో దిగారు. పెద్ద బొమ్మలకు ఎత్తయిన గోడలు కావాలి, పెద్ద కిటికీల వెలుగు కావాలి. అప్పట్లో అక్కడ కాపురం ఉండటం చట్టవిరుద్ధం. 1971లో కళాకారులకు అనుమతి ఇచ్చారు. తతిమ్మా లాఫ్టుల్లో ఉన్నవాళ్ళ కోసం 1982లో ఏకంగా లాఫ్ట్ చట్టమే వచ్చింది. ఇప్పుడక్కడ ఫ్లాట్ కొనాలంటే చిత్రకారుడి తరం కాదు. మన ఊళ్ళోనూ పాత మిల్లును పూర్తిగా కూల్చకుండా కొంతయినా ఉంచారంటే సంతోషించాలి.

బస్తా75: సోహోలో కట్టడం పాతది, ఎత్తు దానికి పుట్టుకతో వచ్చింది. ఇక్కడ పాతది గోడ ఒక్కటే. మిగతాదంతా కొత్త స్లాబు, కావాలని పద్నాలుగు అడుగులు పెట్టి మధ్యలో పలక వేశారు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో లాఫ్ట్ అంటే సామాన్లు పెట్టుకునే అటకే, ఎత్తు 1.5 మీటర్లు మించకూడదు. మెజ్జనైన్ అనాలంటే కనీసం 2.2 మీటర్లు ఉండాలి. కింద మనుషులు ఉండే గదికి 2.75 కావాలి. రెండూ కలిపితే 4.95, అంటే పదహారు అడుగుల పైమాట. స్లాబు మందం వేరే. పద్నాలుగులో అది ఎలా పడుతుంది? పడదు. కాబట్టి అది అటక. అటకకి చదరపు అడుగుల లెక్కన డబ్బు కట్టకండి.

తూర్పుగాలి: అన్నీ కొలతలేనా? ఆ కిటికీ దగ్గర నిలబడితే కాలవలో బార్జీలు కనిపిస్తాయండి.

బస్తా75: బార్జీలు చూడటానికి డబ్బక్కర్లేదు, వంతెన మీద నిలబడండి. అటక కొలిచారా లేదా?

కొబ్బరాకు: రాజమండ్రిలో నాకు ఇలాగే అమ్మారు. కారు పార్కింగ్ అన్నారు, తీరా చూస్తే రెండు స్తంభాల మధ్య సందు. కారు దూరుతుంది, తలుపు తెరుచుకోదు. ఆరేళ్ళుగా డిక్కీలోంచి దిగుతున్నానంటే నమ్మండి. బిల్డర్లందరూ అంతే.

ఉప్పుటేరు: డిక్కీలోంచా!

పూతరేకు_న్యూజెర్సీ: పార్కింగ్‌కీ దీనికీ ఏం సంబంధం? ఒక ఊరి జ్ఞాపకం గురించి మాట్లాడుతున్నాం. బొంబాయిలో 1982 బట్టల మిల్లుల సమ్మె తర్వాత పరేల్ మిల్లులు మూతపడి, చాలాచోట్ల మాల్స్, టవర్లు లేచాయి. కనీసం పొగగొట్టాలైనా నిలబెట్టుకోవద్దా?

ఊకపొయ్యి: ఇన్నాళ్ళూ చదివి ఊరుకున్నాను. ఆ పొగగొట్టం వెనక వీధిలోనే పుట్టాను. బాయిలర్‌లో ఊక కాలిస్తే నల్లటి నలుసులు గాల్లో తేలుతూ వచ్చేవి. మా అమ్మ డాబా మీద గుమ్మడి వడియాలు పెడితే సాయంత్రానికి మిరియాల పొడి జల్లినట్టుండేవి. తెల్లచీర ఆరేయాలంటే ముందు గాలి ఎటుందో చూసుకోవాలి. ధాన్యం నానబెట్టిన తొట్ల నీళ్ళు కాలవలోకి వదిలితే ఆ పులిసిన కంపుకి అన్నం సయించేది కాదు. మా నాన్న అక్కడే కళాసీ. బొండాల బియ్యం బస్తాలు కేరళ లారీలకి ఎత్తేవాడు. ఆయన మెడ వెనక చర్మం మోకాలి చర్మంలా బండబారిపోయింది. 96 నవంబరు తుపాను రాత్రి మా పెంకులు లేచిపోతే ఆ గోదాములోనే బస్తాల మధ్య పడుకున్నాం, అదీ నిజమే. కానీ పొగగొట్టానికి కింద నుంచి దీపాలు వేసి అందం అంటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. కూల్చేస్తే పండగ చేసుకునేదాన్ని.

బస్తా75 గారూ, మీ పేరు చూసి మీరూ మా కళాసీల అబ్బాయే అనుకున్నాను. గట్టిగా అడుగుతున్నారు, అడగండి.

తూర్పుగాలి: మేడమ్, మీ బాధ అర్థమైంది. బస్తా75 గారి బాధే అర్థం కావట్లేదు. ఎవరో కొనుక్కుంటుంటే ఈయనకెందుకింత కడుపుమంట? ఆయనకి కొనే తాహతు లేదు కాబోలు.

బస్తా75: నాకు కొనాల్సిన పని లేదు. అదే బిల్డింగులో రెండో అంతస్తులో మా అమ్మకి ఫ్లాట్ ఉంది.

చెప్పకూడదనుకున్నాను. ఆ మిల్లులో మా తాతగారిది పావలా వాటా. మూతపడి ఏళ్ళు గడిచాక స్థలాన్ని డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం. నిర్మాణ వైశాల్యంలో మాకింత శాతం అని కాగితం రాసుకున్నాం. ఆ వైశాల్యంలో అటక కలుస్తుందో కలవదో రాసుకోలేదు, అక్కడే మునిగాం. అమ్మకి 1,180 అడుగులు ఇచ్చామన్నారు. అందులో 240 ఇనుప మెట్లెక్కి వెళ్ళే పైగది. ఆవిడకి డెబ్భై ఒకటి, రెండు మోకాళ్ళూ పోయాయి. ఇప్పటిదాకా ఒక్కసారీ పైకి ఎక్కలేదు. మీలాంటివాళ్ళు అటకని గదిగా ఒప్పుకుని డబ్బు కడుతున్నంతకాలం, ‘అందరూ తీసుకుంటున్నారు, మీకే అభ్యంతరమా’ అని నా మొహం మీద అంటాడు ఆ బిల్డరు. తాహతు గురించి నువ్వు మాట్లాడకు.

పూతరేకు_న్యూజెర్సీ: ఓహో.

ఊకపొయ్యి: అయితే మీరు మిల్లుగలవారి మనవడు. బస్తా అని పేరెలా పెట్టుకున్నారండీ?

బస్తా75: బస్తా మోసింది మీవాళ్ళు, లెక్క రాసింది మావాళ్ళు. 75 కిలోలు లెక్కలోదే.

ఊకపొయ్యి: బాగుంది. ఆ లెక్కలోనే మా నాన్నకి మిల్లు మూసిన ఏడాది బోనసు రావాలి. జట్టులో పద్నాలుగు మందికీ రావాలి. మీ తాతగారు ‘సంక్రాంతికి చూద్దాం’ అన్నారు. మీ అమ్మగారి 240 అడుగుల కోసం ఇంత పోరాడుతున్నారు, చాలా మంచిది. మా పద్నాలుగు మంది కోసం ఎవరు పోరాడారు?

కొబ్బరాకు: మళ్ళీ పద్నాలుగే.

ఉప్పుటేరు: కొబ్బరాకు గారూ, కాసేపు ఆగండి.

తూర్పుగాలి: తాహతు మాట నోరు జారింది, క్షమించండి. నిన్న టేపు పట్టుకుని వెళ్ళాను. పైగది 6 అడుగుల 7 అంగుళాలు. కింద వంటగది 6 అడుగుల 11. స్లాబు ఆరు అంగుళాలు. నా ఎత్తు 5-11. పైన చొక్కా తొడుక్కోవడానికి చెయ్యెత్తితే వేళ్ళు పైకప్పుకి తగిలాయి. ఫ్యాను ఎక్కడ పెడతారని బిల్డరుని అడిగితే ‘వాల్ ఫ్యాన్ సార్, లాఫ్ట్‌లో అదే స్టైల్’ అన్నాడు. ఆ 260 తీసేసి 1,190కి ధర కట్టమన్నాను. సోమవారం చెబుతానన్నాడు.

బస్తా75: 1,190 కూడా వద్దు. కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే నేల, ఎంతో కాగితం మీద అడగండి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం చెప్పి తీరాలి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి అడ్వాన్సు ఇవ్వకండి. మీకు తగ్గించి రాసిస్తే నాకో కాపీ పంపండి, అమ్మ కేసుకి పనికొస్తుంది.

తూర్పుగాలి: తప్పకుండా పంపుతాను. మా ఆవిడ ఇంకో ప్రశ్న అడగమంది. బీరువా ఆ మెట్ల మీదుగా పైకి వెళ్తుందా?

బస్తా75: వెళ్ళదు. అమ్మది వెళ్ళలేదు.

ఊకపొయ్యి గారూ, మీ నాన్నగారి పేరు ఇక్కడ రాయకండి, నాకు విడిగా మెసేజ్ పెట్టండి. మిల్లు జమాఖర్చు పుస్తకాలు మా పాతింటి అటక మీదే ఉన్నాయి. ఎక్కి చూస్తాను.

ఊకపొయ్యి: పెట్టాను. పద్నాలుగు పేర్లూ రాశాను. చెదలు పట్టకముందే ఎక్కండి.