అప్‌డేట్: నాయనమ్మ బొంత, తాతయ్య ఉత్తరాలు

తాతయ్య దుబాయ్ నుంచి రాసిన ఉత్తరాలను, నాయనమ్మ పాత చీరలతో కుట్టిన బొంతను కలిపి ఫైనలియర్ డిస్‌ప్లేకి ఒక ఆర్ట్‌వర్క్ చేయాలి, ఉత్తరాలు పాడవకుండా ఎలా అని ఆమధ్య అడిగాను కదా. పని పూర్తయింది.

మీరు చెప్పినట్టే అసలు ఉత్తరాలను ముట్టుకోలేదు. స్కాన్ చేసి, అక్షరాలు తిరగబడేలా మిర్రర్ చేసి, లేజర్ ప్రింట్ తీయించాను. ఇంక్‌జెట్ అయితే తడికి కారిపోతుంది. ప్లైవుడ్ మీద ఆక్రిలిక్ జెల్ మీడియం (ఆరాక పారదర్శకంగా మారే చిక్కటి జిగురులాంటిది) రాసి, ప్రింట్‌ను బోర్లించి అతికించి, బాగా ఆరాక తడి వేళ్లతో మెల్లగా రుద్దాను. కాగితం పొట్టులా రాలిపోయి, తాతయ్య చేతిరాత చెక్క మీద నిలిచింది. కొన్ని వాక్యాలు చెదిరాయి. 'పైసలు అందినయా' అన్నది మాత్రం చెక్కుచెదరలేదు. చెదిరినవాటిని దిద్దలేదు. మా ఇంట్లో ఆయన జ్ఞాపకాలూ అలా అరకొరగానే ఉన్నాయి.

బొంతకు జిగురు వాడలేదు. చెక్క అంచుకు రంధ్రాలు వేసి, నాయనమ్మ వేసిన పెద్ద కుట్టునే వేశాను. క్లాసులో ఒకరు 'బొంత కూడా ఆర్టేనా' అన్నప్పుడు మాత్రం బాధేసింది. అమెరికన్ ఆర్టిస్ట్ రాబర్ట్ రాషెన్‌బర్గ్ 1955లోనే బొంత, దిండు మీద రంగులు వేసి 'బెడ్' చేశాడు. అది ఇప్పుడు న్యూయార్క్‌లోని మోమా అనే ఆధునిక కళల మ్యూజియంలో ఉంది.

వార్నిష్ అక్షరాల మీద మాత్రమే వేశాను. బొంతకు వేస్తే గుడ్డ బిరుసెక్కుతుంది, దాని మెత్తదనం నాకు ముఖ్యం.