సిఫిలిస్ క్రిమి రక్షణ కణాల కన్నుగప్పడం ఎలా సాధ్యం?

కావలి విద్యార్థిని: నెల్లూరులో నేను శిక్షణ పొందుతున్న ల్యాబులో, ఒక గర్భిణికి చేసిన వీడీఆర్‌ఎల్ అనే సిఫిలిస్ రక్తపరీక్షలో గుంపులు కట్టిన రేణువులను ఈ వారం మొదటిసారి చూశాను. యాంటీబాడీలు ఇంతగా పుడుతున్నా ఈ క్రిమి ఏళ్ల తరబడి శరీరంలో ఎలా నిలుస్తుందో పెద్దలు దయచేసి వివరించగలరు.

ఒంగోలు అధ్యాపకుడు: మంచి ప్రశ్న అడిగావమ్మా. ముందుగా ఒక మాట: ఆ రేణువులను గుంపు కట్టించినవి కార్డియోలిపిన్ అనే కొవ్వుపై పుట్టిన యాంటీబాడీలు, క్రిమిని అడ్డుకునేవి వేరు. ఇక క్రిమి సంగతికి వస్తే, దాని పైపొరలో లైపోపాలీశాకరైడ్ (చాలా క్రిముల పైపొరలో ఉండి రక్షణ కణాలను అప్రమత్తం చేసే పదార్థం) లేదు, ప్రోటీన్లు బహు అరుదు, రక్షణ కణాలను రెచ్చగొట్టే లైపోప్రోటీన్లేమో (కొవ్వు అతికిన ప్రోటీన్లు) ఎక్కువగా ఆ పొర కిందే దాగి ఉంటాయి కాబట్టి మాక్రోఫేజ్‌లకు, అంటే క్రిములను మింగే రక్షణ కణాలకు, సులభంగా పట్టు చిక్కదు. అయినా యాంటీబాడీలు అంటుకున్న క్రిములను మాక్రోఫేజ్‌లు మింగేస్తాయి. అందుకే సిఫిలిస్ తొలి పుండు 3 నుంచి 6 వారాల్లో దానంతట అదే మానుతుంది. అయితే పైపొరలోని టీపీఆర్‌కే అనే ప్రోటీన్ రూపు మార్చుకున్న కొన్ని క్రిములు తప్పించుకుంటాయి.

కందుకూరు నర్సు: పెనిసిలిన్ ఇచ్చిన రాత్రే ఒకరికి చలిజ్వరం వస్తే, మందు వికటించిందని ఇంటివారు హడలిపోయారు. అది కూడా ఇందువల్లేనా సార్?

ఒంగోలు అధ్యాపకుడు: అవునమ్మా. క్రిములు చచ్చి పగిలినప్పుడు దాగిన లైపోప్రోటీన్లు ఒక్కసారిగా బయటపడి రక్షణ కణాలను రేపుతాయి. సాధారణంగా 24 గంటల్లో సర్దుకుంటుంది. గర్భిణులకు మాత్రం ముందే చెప్పి, నొప్పులు వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా వెంటనే ఆసుపత్రికి రమ్మనాలి.